సినగాగ్ అంటే గుడా, బడా, జనమా?

ఇజ్రాయెల్ గురించో, యూదుల గురించో పెద్ద వార్త వచ్చినప్పుడల్లా సినగాగ్ అనే మాట కూడా వెంట వస్తుంది. ఒక పేపర్లో దాన్ని 'యూదుల ప్రార్థనా మందిరం' అని రాస్తారు. ఇంకో పేపర్లో 'యూదుల ఆలయం' అంటారు. 'యూదుల చర్చి' అన్నవాళ్లను కూడా విన్నాను. మూడూ చదివినవాళ్లకు ఇవి మూడు వేర్వేరు చోట్లేమో అన్న అనుమానం రావడం సహజం. ఇంతకీ ఆ మాటకు అర్థమేంటి, ఎక్కడ పుట్టింది, మన భాషలో దానికి సరిపోయే మాట ఉందా?

ఉంది. తెలుగు బైబిల్ చదివే ఇళ్లలో అది బాగా తెలిసిన మాటే: సమాజమందిరము.

చిన్నప్పుడు సండే స్కూల్లో యేసు తన వాడుక ప్రకారం విశ్రాంతి దినాన సమాజమందిరంలోకి వెళ్లాడని చదివితే నాకు మా ఊరి కమ్యూనిటీ హాలు కళ్లముందు కనిపించేది. పెళ్లిళ్లు అక్కడే, మీటింగులు అక్కడే, ఓట్లు అక్కడే. తుఫాను వస్తే పక్క లంకల జనాన్ని తెచ్చి పడుకోబెట్టేదీ అక్కడే. ఆయన కమ్యూనిటీ హాలుకి వెళ్లి గ్రంథం ఎందుకు చదివాడో అప్పుడు అర్థం కాలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ మాట చరిత్ర చదువుతుంటే, ఆ చిన్నప్పటి ఊహ అసలు సంగతికి చాలా దగ్గరగా ఉందని తెలిసింది.

## మాటను విడగొట్టి చూస్తే

సినగాగ్ ఇంగ్లిష్ నుంచి మనకు వచ్చింది. ఇంగ్లిష్‌కి పాత ఫ్రెంచ్ నుంచి, ఫ్రెంచ్‌కి లాటిన్ నుంచి, లాటిన్‌కి గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో అసలు రూపం 'సినగోగే'. ఇందులో రెండు ముక్కలున్నాయి. 'సిన్' అంటే కలిపి, కూడా. 'అగైన్' అంటే నడిపించడం, తోలుకురావడం. రెండూ కలిస్తే 'ఒకచోటికి చేర్చడం' అనే అర్థం వస్తుంది. అక్కడి నుంచి 'ఒకచోట చేరినది' అనే అర్థం కూడా వచ్చింది.

ఇది మొదట్లో మతానికి సంబంధించిన మాట కాదు. దేన్ని పోగుచేసినా ఈ మాటే వాడొచ్చు. యూదుల లేఖనాలను క్రీస్తుకు ముందే గ్రీకులోకి అనువదించారు. సెప్టువజింట్ అని పిలిచే ఆ అనువాదంలో, సృష్టి కథలోనే ఈ మాట కనిపిస్తుంది. ఆకాశం కింద ఉన్న నీళ్లన్నీ ఒక్కచోట కూడాలని దేవుడు పలికిన చోట, ఆ నీళ్లు చేరేది ఒక 'సినగోగే'లోకి. అంటే లేఖనాల్లో ఈ మాట మొదటిసారి కనిపించినప్పుడు అది గోడలున్న కట్టడమూ కాదు, మనుషుల గుంపూ కాదు. నీళ్ల కూడిక.

హీబ్రూలో ఇదే చోటుకు పేరు 'బేత్ క్నెసెత్'. బేత్ అంటే ఇల్లు, క్నెసెత్ అంటే కూడిక. ఈ రెండో మాట పేపర్ చదివేవాళ్లకు కొత్తది కాదు. ఇజ్రాయెల్ పార్లమెంటు పేరు క్నెసెట్, అదే మాట. అందులో 120 మంది సభ్యులు ఉండటానికి కూడా, ప్రాచీన కాలంలో 120 మందితో ఒక మహాసభ ఉండేదన్న యూదు సంప్రదాయమే ఆధారం. ఒకే హీబ్రూ మాట ఒకచోట చట్టసభకు, ఇంకోచోట ఆరాధన జరిగే ఇంటికి పేరైంది.

మిగతా పేర్లతో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. దేవాలయం అంటే దేవుడి ఇల్లు. గురుద్వారా గురువు వాకిలి. మసీదు అంటే సాష్టాంగపడే చోటు. చర్చ్ అనే ఇంగ్లిష్ మాట కూడా 'ప్రభువుది' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చిందని భాషా పండితులు చెబుతారు. సినగాగ్ అన్న పేరులో మాత్రం దేవుడి ప్రస్తావన లేదు, గురువు లేడు, మొక్కడం లేదు. అందులో ఉన్నది కలిసిన జనం ఒక్కటే.

## జనం పేరు గోడలకు ఎలా అంటుకుంది

గుంపుకు పెట్టిన పేరు కట్టడానికి ఎలా మారింది? దీనికి గ్రీసు దాకా వెళ్లక్కర్లేదు. 'వాళ్లిద్దరూ ఆర్యసమాజ్‌లో పెళ్లి చేసుకున్నారు' అని హైదరాబాద్‌లో ఎవరైనా అంటారు. ఆర్య సమాజ్ ఒక సంస్థ, అందులో ఉండేది మనుషులు. కానీ ఆ వాక్యంలో అది ఒక చోటు, ఒక హాలు. అలాగే 'అసెంబ్లీ వాయిదా పడింది' అంటే సభ. 'అసెంబ్లీ దగ్గర దిగుతాను' అంటే భవనం. ఈ రెండింటి మధ్య తేడా ఉందని వినేవాళ్లకు తట్టను కూడా తట్టదు.

సినగోగే విషయంలో సరిగ్గా ఇదే జరిగింది, దానికి రాతి మీద సాక్ష్యం ఉంది. ఇప్పుడు లిబియాలో బెంఘాజీ అని పిలిచే ఊరిని అప్పట్లో బెరెనీకే అనేవాళ్లు. అక్కడి యూదులు క్రీ.శ. 55 ప్రాంతంలో, నీరో చక్రవర్తి ఏలుబడి రెండో ఏట, ఒక పాలరాతి పలక చెక్కించారు. దాని సారాంశం ఇది: బెరెనీకేలోని యూదుల సినగోగే ఒక తీర్మానం చేసింది, సినగోగే మరమ్మతుకు చందాలిచ్చినవాళ్ల పేర్లు పలక మీద చెక్కించాలని. కింద పేర్ల వరస ఉంది.

ఒకే వాక్యంలో రెండుసార్లు ఒకే మాట. మొదటిది తీర్మానం చేసింది కాబట్టి అది జనం. రెండోదానికి మరమ్మతు కావాలి కాబట్టి అది కట్టడం. మన ఊళ్లలో గుడి గోడ మీద దాతల పేర్లు చెక్కించే అలవాటు చూసినవాళ్లకు ఈ పలక ఏమాత్రం పరాయిదిగా అనిపించదు. మాట అర్థం జనం నుంచి గోడల వైపు జరుగుతున్న క్షణం ఆ రాతి మీద అలాగే నిలిచిపోయింది.

ఈ తేడా పాత కాలానిదే అనుకోవద్దు. 2018 అక్టోబర్ 27న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 'ట్రీ ఆఫ్ లైఫ్' సినగాగ్ మీద ఒక దుండగుడు కాల్పులు జరిపి 11 మందిని చంపాడు. వార్తల్లో ఒకే సినగాగ్ పేరు వినిపించింది. కానీ ఆ భవనంలో అప్పటికి మూడు సమాజాలు వేర్వేరుగా కూడుకునేవి: ట్రీ ఆఫ్ లైఫ్, డోర్ హదాష్, న్యూ లైట్. చనిపోయినవాళ్లు ఆ మూడింటికీ చెందినవాళ్లు. భవనం ఒకటే, దుఃఖం మూడు సమాజాలది. ఈ సంగతి తెలియకపోతే ఆ వార్త సగమే అర్థమవుతుంది.

## దేవాలయం ఒకటే, సమాజమందిరాలు ఎన్నో

'యూదుల ఆలయం' అనే అనువాదంతో వచ్చే అసలు చిక్కు ఇక్కడుంది. యూదుల చరిత్రలో 'ఆలయం' అనగానే గుర్తొచ్చేది ఒక్కటే, యెరూషలేములోనిది. మొదటిదాన్ని బబులోను సైన్యం క్రీ.పూ. 586లో కూల్చింది. మళ్లీ కట్టుకున్నదాన్ని రోమన్లు క్రీ.శ. 70లో నేలమట్టం చేశారు. అక్కడ బలులు ఉండేవి, ధూపం ఉండేది, పుట్టుకతో యాజకులైన వంశాలవాళ్లు ఆ పనులు చేసేవాళ్లు. అలాంటి ఇంకో ఆలయం ఆ తర్వాత మళ్లీ లేవలేదు.

సమాజమందిరం అది కాదు. బలిపీఠం ఉండదు, బలులు ఉండవు. ఏ ఊళ్లోనైనా కట్టుకోవచ్చు, ఒకే ఊళ్లో పది ఉండొచ్చు, అద్దె గదిలోనూ నడపొచ్చు. లోపల ముఖ్యమైనది విగ్రహమో పీఠమో కాదు, చేత్తో తోలు మీద రాసిన తోరా, అంటే మోషే ధర్మశాస్త్రపు చుట్టలు. వాటిని ఉంచే పెట్టె సాధారణంగా యెరూషలేము దిక్కున ఉంటుంది. చుట్టను బయటికి తీసి, ఎత్తయిన బల్ల మీద పరిచి, అందరికీ వినపడేలా చదువుతారు. రబ్బీ పూజారి కాదు. ఆయన చదువుకున్నవాడు, బోధకుడు. ఆయన లేకపోయినా ప్రార్థన ఆగదు.

తెలుగు బైబిల్ అనువాదకులు ఈ తేడాను ఎంతో జాగ్రత్తగా కాపాడారు. యెరూషలేములోనిదానికి 'దేవాలయము', ఊరూరా ఉన్నవాటికి 'సమాజమందిరము' అన్నారు. ఇంకో విశేషం: 'నా మందిరము ప్రార్థన మందిరము అనబడును' అని యేసు యెషయా మాటను ఎత్తి చెప్పిన సందర్భం సమాజమందిరానిది కాదు, దేవాలయానిది. అంటే ఇవాళ వార్తల్లో సినగాగ్‌కు వాడుతున్న 'ప్రార్థన మందిరం' అనే మాట తెలుగు బైబిల్లో దేవాలయానికి చెందింది. వాడకూడదని కాదు, అది సులువుగా అర్థమయ్యే మాట. కానీ అది అసలు పేరుకు అనువాదం కాదు, లోపల జరిగే పనికి వర్ణన.

నిజానికి గ్రీకు మాట్లాడే యూదుల్లో కొందరు అచ్చంగా ఇదే అర్థమున్న పేరు కూడా వాడేవాళ్లు: 'ప్రొసెవుఖే', అంటే ప్రార్థన, ప్రార్థన జరిగే చోటు. ఈజిప్టులో క్రీ.పూ. మూడో శతాబ్దపు శాసనాల్లో కనిపించేది ఈ పేరే. అపొస్తలుల కార్యములలో పౌలు ఫిలిప్పీ ఊరి బయట నది ఒడ్డుకు వెళ్లింది ఇలాంటి చోటు కోసమే. తెలుగులో దాన్ని 'ప్రార్థనాస్థలము' అన్నారు. కాలం గడిచేకొద్దీ ఆ పేరు వెనకబడింది, సినగోగే నిలిచింది.

## ఎప్పుడు మొదలైంది: మూడు వాదనలు

పేరు సంగతి అలా ఉంచి, ఈ ఏర్పాటు ఎప్పుడు పుట్టిందన్న దానిమీద పండితులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

చాలాకాలంగా వినిపించే వాదన బబులోను చెరది. ఆలయం పోయింది, బలులు ఆగిపోయాయి, జనం పరాయి దేశంలో ఉన్నారు. అలాంటప్పుడు నలుగురూ ఒకచోట కూడి లేఖనాలు చదువుకోవడం, ప్రార్థించడం మొదలుపెట్టి ఉంటారని ఈ వాదన. వాళ్లు చెల్లాచెదురైన దేశాల్లో దేవుడే వాళ్లకు కొద్దికాలం పరిశుద్ధాలయంగా ఉన్నాడని యెహెజ్కేలు గ్రంథంలో ఒక మాట ఉంది. ఆ హీబ్రూ మాటను 'చిన్న ఆలయం' అని కూడా చదవొచ్చు. తర్వాతి రబ్బీలు దాన్ని సమాజమందిరాలకు అన్వయించారు. వినడానికి ఎంతో సహజంగా ఉంది. కానీ ఆ కాలానికి చెందిన ఒక్క కట్టడమూ, ఒక్క శాసనమూ దీనికి సాక్ష్యంగా లేవు.

రెండో వాదన ఈజిప్టుది. రాతి సాక్ష్యం ముందుగా అక్కడే దొరికింది కాబట్టి, యెరూషలేముకు దూరంగా బతుకుతున్న యూదులే దీన్ని మొదలుపెట్టారని. సాక్ష్యం ఉన్నచోటే మాట్లాడాలనుకునేవాళ్లకు ఇది నచ్చుతుంది.

మూడోది ఊరి గుమ్మం వాదన. చరిత్రకారుడు లీ లెవీన్ దీన్ని గట్టిగా చెప్పాడు. పాత ఇశ్రాయేలు పట్టణాల్లో కోట గుమ్మం దగ్గర ఖాళీ జాగా ఉండేది. తీర్పులు అక్కడే, బేరాలు అక్కడే, పెద్దల మాటలు అక్కడే. రూతును పెళ్లాడటానికి బోయజు పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడింది గుమ్మం దగ్గరే. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని జనమందరి ముందు చదివి వినిపించింది కూడా నీటి గుమ్మం ఎదుట ఉన్న మైదానంలో. పట్టణాల తీరు మారి గుమ్మాల దగ్గర ఆ జాగా పోయాక, అవే పనులు ఒక కప్పు కిందికి చేరాయని లెవీన్ వాదన.

రచ్చబండ తెలిసినవాళ్లకు ఈ మూడోది చదువుతుంటే ఏదో సొంత ఊరి సంగతిలా ఉంటుంది. రచ్చబండ మీద జరిగిన పనే తర్వాత చావిడిలోకి, పంచాయతీ ఆఫీసులోకి చేరింది కదా. నాకు కూడా ఇదే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఎందుకంటే తొలి సమాజమందిరాల్లో ప్రార్థన ఒక్కటే కాదు, ఊరి పనులన్నీ ఎందుకు జరిగాయో ఈ వాదన ఒక్కటే బాగా వివరిస్తుంది. అయితే మూడింటిలో ఒకటే నిజం కావాలని లేదు. దూరదేశంలో ప్రార్థనాస్థలంగా ఒకటి, సొంత ఊళ్లో సభాస్థలంగా ఇంకొకటి మొదలై, తర్వాత రెండూ కలిసి ఉండొచ్చు.

## థియొడోటస్ రాయి ఏం చెబుతోంది

1913లో యెరూషలేము పాత పట్టణం దక్షిణాన రేమండ్ వైల్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు తవ్వకాలు జరిపించాడు. అక్కడ ఒక పాత నీటి తొట్టిలో సున్నపురాయి పలక దొరికింది. మీద పది వరుసల గ్రీకు రాత. ఆలయం ఇంకా నిలిచి ఉన్న రోజుల నాటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. వెట్టెనస్ కొడుకు థియొడోటస్, యాజకుడు, సమాజమందిరపు అధికారి, సమాజమందిరపు అధికారి కొడుకు, సమాజమందిరపు అధికారి మనవడు, ధర్మశాస్త్రం చదవడానికీ ఆజ్ఞలు నేర్పడానికీ ఈ సమాజమందిరం కట్టించాడు. పరాయి దేశం నుంచి వచ్చి అవసరంలో ఉన్నవాళ్లు దిగడానికి బస, గదులు, నీటి వసతులు కూడా కట్టించాడు.

సమాజమందిరపు అధికారి అనే హోదా తెలుగు బైబిల్ చదివేవాళ్లకు తెలుసు. చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యేసు కాళ్ల మీద పడిన యాయీరు హోదా అదే. ఈ రాయిలో మూడు తరాలు వరసగా ఆ బాధ్యత మోశాయి. అంటే ఆలయం ఉన్న యెరూషలేములోనే, ఆలయ యాజకుల వంశంవాళ్లే, సమాజమందిరాన్ని కూడా నడిపారు. ఆలయానికి బదులుగా కాదు, ఆలయంతో పాటు.

ఆ జాబితాను ఇంకోసారి చూడండి. చదవడం ఉంది, నేర్పడం ఉంది, బస ఉంది, నీళ్లు ఉన్నాయి. ప్రార్థన అనే మాట లేదు. అక్కడ ప్రార్థన జరగలేదని దీని అర్థం కాదు. కట్టించినవాడు ముందుగా చెప్పుకోవాలనుకున్నది మాత్రం చదువు, సత్రం. ప్రయాణం చేసి అలిసి వచ్చిన మనిషికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, పడుకోవడానికి గది, పొద్దున లేచాక వినడానికి గ్రంథం. కమ్యూనిటీ హాలు అనుకున్న పిల్లవాడు పెద్దగా తప్పలేదు.

## సినగోగే, సమాజం: ఒకే వేరు

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

'సమాజం' సంస్కృతం నుంచి వచ్చిన మాట. 'సం' అనే ఉపసర్గ, 'అజ్' అనే ధాతువు. సం అంటే కలిసి, అజ్ అంటే తోలడం, నడపడం. పాణిని ఈ మాట మీద ఒక సూత్రమే చేశాడు. పశువుల మందైతే 'సమజం', మనుషుల కూడికైతే 'సమాజం'. పాత తరంలో అమరకోశం వల్లెవేసినవాళ్లకు కూడా ఈ తేడా తెలుసు. ఒక్క దీర్ఘం, మందకూ మనుషులకూ మధ్య.

గ్రీకు 'అగైన్'లోని అగ్, సంస్కృతంలోని అజ్ ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములు. ఇండో యూరోపియన్ భాషల కుటుంబం గురించి చెప్పేటప్పుడు పండితులు తరచూ చూపించే జంట ఇది. లాటిన్‌లో 'అగెరె' కూడా ఈ ఇంటిదే. మనం రోజూ వాడే ఏజెంట్, ఎజెండా దాన్నుంచి వచ్చినవే. అంటే ఎల్ఐసీ ఏజెంటు, మీటింగ్ ఎజెండా, సినగాగ్, సమాజం, ఈ నాలుగింటిలోనూ లోపలి వేరు ఒకటే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ముందున్న 'సిన్', 'సం' చూడటానికి ఒకేలా ఉన్నాయి, అర్థమూ ఒకటే. అలాగని అవి కూడా చుట్టాలని అనేయకూడదు. సం అన్నదానికి గ్రీకులో చుట్టం 'హమ', 'హోమోస్' లాంటి మాటలు. గ్రీకు 'సిన్' పుట్టుక మీద ఇంకా వాదం ఉంది. కాబట్టి మొత్తం మాటలు కవలలు కావు. వెనక సగం ఒకే రక్తం, ముందు సగం ఒకే అర్థం.

అంతమాత్రమైనా చాలు. తెలుగులో అర్థం చూసి ఎంచుకున్న మాట, వేరు దాకా వెళ్తే అసలు గ్రీకు మాటను కలుసుకుంది. 'ఇశ్రాయేలీయుల సర్వసమాజము' అని మోషే గ్రంథాల్లో వచ్చే చోట్ల, సెప్టువజింట్ సాధారణంగా 'సినగోగే' అనే మాటే వాడుతుంది. హీబ్రూలో అక్కడున్నది 'ఎదా' అనే మాట. ఎదా, సినగోగే, సమాజము. మూడు భాషల్లో ఒక్క చూపు.

## బడి అనేవాళ్లు, ఆలయం అనేవాళ్లు, మసీదు అనేవాళ్లు

యూదులందరూ తమ కూడిక చోటును ఒకే పేరుతో పిలవరు. యూరప్ తూర్పు భాగపు యూదుల భాష యిడ్డిష్‌లో దీని పేరు 'షూల్'. జర్మన్‌లో బడికి వాడే మాటకు ఇది దగ్గరి చుట్టం. చదువు జరిగేది అక్కడే కాబట్టి ఆ పేరు వచ్చిందని మామూలుగా చెబుతారు. ఆ మాటకు మూలమైన లాటిన్ 'స్కోలా'కు మధ్యయుగాల్లో సంఘం, సంఘపు ఇల్లు అనే అర్థం కూడా ఉండేదని, వెనిస్‌లో క్రైస్తవ సంఘాల భవనాలను కూడా 'స్కూవొలా' అనేవారని, కాబట్టి పేరు వెనక ఉన్నది చదువు కంటే సంఘమేనని ఇంకొందరు అంటారు. రెండు వైపులా బలం ఉంది. ప్రాగ్‌లో 13వ శతాబ్దపు సమాజమందిరం ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని పేరు 'ఆల్ట్‌నోయ్‌షూల్', పాతకొత్త షూల్. స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేసిన యూదుల వంశీకులు ఆమ్‌స్టర్‌డామ్‌లో 1675లో కట్టుకున్నదాన్ని 'ఎస్నోగా' అంటారు. సినగోగేనే, పోర్చుగీసు నోట్లో నలిగింది.

'టెంపుల్' అనే పేరు మాత్రం వాదానికి దారితీసింది. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో సంస్కరణవాదులు 1810లో సేసెన్‌లో, 1818లో హాంబర్గ్‌లో తమ మందిరాలకు ఈ పేరు పెట్టుకున్నారు. మేం ఉన్న చోటే మాకు ఆలయం, కూలిన ఆలయం తిరిగి లేచేదాకా ఎదురుచూడం అన్నది వాళ్ల భావం. సంప్రదాయవాదులకు ఇది కష్టం కలిగించింది. ఆలయం ఒక్కటే, అది యెరూషలేములోదే, ఆ పేరు ఇంకోదానికి పెడితే ఆ ఆశను వదులుకున్నట్టేనని వాళ్లు అన్నారు. అమెరికాలో ఇప్పటికీ ఒక కుటుంబం 'టెంపుల్‌కి వెళ్తున్నాం' అంటుందా, 'షూల్‌కి వెళ్తున్నాం' అంటుందా అన్నదాన్ని బట్టి వాళ్లు ఏ శాఖవాళ్లో చాలావరకు చెప్పొచ్చు.

మన దేశంలో సంగతి ఇంకా బాగుంటుంది. కొచ్చిలో మట్టాంచేరి సమాజమందిరాన్ని మలయాళంలో 'జూతప్పళ్ళి' అంటారు. పళ్ళి అనే మాటను అక్కడ చర్చికీ వాడతారు, మసీదుకూ వాడతారు. తమిళంలో బడిని కూడా పళ్ళి అంటారు. యిడ్డిష్ షూల్‌లో లాగే ఇక్కడా బడీ ఆరాధనా ఒకే మాటలో కూర్చున్నాయి.

ముంబైలో లోకల్ ట్రైన్ ఎక్కినవాళ్లకు మస్జిద్ స్టేషన్ తెలుసు. ఆ పేరు వచ్చింది ముస్లింల మసీదు నుంచి కాదు, దగ్గర్లో 1796లో బెనె ఇజ్రాయెల్ యూదులు కట్టుకున్న సమాజమందిరం నుంచి. దాన్ని వాళ్లు 'జునీ మస్జిద్', పాత మసీదు అనేవాళ్లు. పుణెలో డేవిడ్ ససూన్ కట్టించిన ఎర్ర ఇటుకల సమాజమందిరాన్ని ఊరివాళ్లు 'లాల్ దేవళ్' అన్నారు. ఎర్ర గుడి. ఒకే రకం చోటు ఒక ఊళ్లో మసీదైంది, ఒక ఊళ్లో గుడైంది, ఇంకో ఊళ్లో పళ్ళి అయింది. చుట్టూ ఉన్న జనం తమకు తెలిసిన మాటతో పిలుచుకున్నారు, లోపలివాళ్లూ అభ్యంతరపెట్టలేదు.

## ఒకే అర్థమున్న రెండు మాటలు ఎదురెదురుగా

తెలుగు క్రైస్తవులు వాడే 'సంఘం' అనే మాటకు గ్రీకు మూలం 'ఎక్లేసియా'. దానికీ అర్థం కూడిక, సభే. పోర్చుగీసు 'ఇగ్రేజా' దాన్నుంచి వచ్చింది, ఉర్దూలో 'గిర్జా' ఆ పోర్చుగీసు మాట నుంచి. సెప్టువజింట్‌లో సినగోగే, ఎక్లేసియా రెండూ ఇశ్రాయేలు జనానికే వాడిన మాటలు. తొలి క్రైస్తవులు తమకు ఎక్లేసియాను పెట్టుకున్నారు. యాకోబు పత్రికలో మాత్రం విశ్వాసుల కూడికకు కూడా సినగోగే అనే ఉంది. అప్పటికింకా గోడ పూర్తిగా లేవలేదు.

తర్వాత లేచింది. స్ట్రాస్‌బర్గ్ కేథడ్రల్ దక్షిణ ద్వారానికి 1230 ప్రాంతంలో రెండు స్త్రీ శిల్పాలు చెక్కారు. ఒకరు ఎక్లేసియా, కిరీటంతో తలెత్తి నిలబడింది. ఇంకొకరు సినగోగా, కళ్లకు గంతలు, విరిగిన బల్లెం, వంగిన తల. చేతిలోని పలకలు జారిపోతున్నాయి. చెక్కినవాడి పనితనం చూస్తే ఓడిన ఆమె ముఖమే ఎక్కువ అందంగా అనిపిస్తుంది. కానీ ఆ బొమ్మ వెనక శతాబ్దాల ద్వేషం ఉంది. ఒకే అర్థమున్న రెండు మాటలను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకదాని కళ్లు కట్టేశారు. ఐరోపాలో సినగాగ్ అనే మాట చాలాకాలం తిట్టులా వినిపించడానికి ఇలాంటి బొమ్మలూ కారణమే.

## పదిమంది లెక్క

సామూహిక ప్రార్థనలో కొన్ని భాగాలకు, తోరా చుట్ట బయటికి తీసి చదవడానికి కనీసం పదిమంది ఉండాలి. దీన్ని 'మిన్యాన్' అంటారు. సంప్రదాయవాదులు పదమూడేళ్లు దాటిన మగవాళ్లనే లెక్కిస్తారు. సంస్కరణ శాఖల్లో ఆడవాళ్లనూ లెక్కిస్తారు.

పదే ఎందుకు? పాత రబ్బీల చర్చల గ్రంథమైన తాల్ముదు చెప్పే కారణం వినండి. కనాను దేశాన్ని చూసి రావడానికి మోషే పంపిన 12 మందిలో యెహోషువ, కాలేబు తప్ప మిగతా పదిమంది చెడ్డ కబురు తెచ్చారు. దేవుడు వాళ్లను 'ఈ చెడ్డ సమాజము' అన్నాడు. హీబ్రూలో ఎదా. పదిమందిని దేవుడే సమాజం అన్నాడు కాబట్టి, సమాజం కావాలంటే పదిమంది. ఆ వచనంలో గ్రీకులో ఉన్నది సినగోగే. చెడ్డవాళ్ల లెక్క నుంచి ప్రార్థనకు లెక్క తీసుకోవడం వింతగా ఉంటుంది, కానీ ఆ తర్కంలో పట్టు ఉంది. ఎంత గొప్ప భవనమైనా, లోపల తొమ్మిది మందే ఉంటే అది ఆ పూట సమాజం కాదు. అదే పదిమంది ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడితే అవుతుంది.

ఈ లెక్క ఎంత కఠినమైనదో మట్టాంచేరిలో కనిపిస్తుంది. 1568లో కట్టిన పరదేశి సమాజమందిరం అది. నేల మీద చైనా నుంచి తెప్పించిన తెలుపు నీలం పలకలు, చేత్తో రంగులేసినవి. పైన వేలాడే గాజు దీపాలు, వెండిపెట్టెల్లో తోరా చుట్టలు. టికెట్ కొని, చెప్పులు విడిచి లోపలికి వెళ్లే జనానికి కొదవ లేదు. కానీ 1950ల్లో కొచ్చి యూదులు ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు వయసుమీరి ఒక్కొక్కరే పోయారు. బయటి ఊళ్ల నుంచి యూదులు వచ్చి కలిస్తే తప్ప అక్కడ పదిమంది కూడరు. అదే మట్టాంచేరిలోని కడవుంభాగం సమాజమందిరం లోపలి కొయ్యపనిని విప్పి, యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. కొయ్య సముద్రం దాటింది, అందరూ చూస్తున్నారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కథ తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని పదుల మాదిగ కుటుంబాలున్నాయి. తాము తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని వాళ్ల నమ్మకం. ఇజ్రాయెల్ ప్రభుత్వం దాన్ని గుర్తించలేదు. పండితుల్లో కొందరు దీన్ని దళితులు తమ గౌరవాన్ని తామే నిర్ణయించుకునే ప్రయత్నంగా చూస్తారు, కొందరు పుట్టుక ఆధారాలు లేవని పక్కనపెడతారు. ఆ కుటుంబాలు మాత్రం హీబ్రూ నేర్చుకుని, శనివారం పని మానేసి, ఊళ్లో ఒక చిన్న కట్టడంలో కూడుకుంటాయి. చైనా పలకలు లేవు, గాజు దీపాలు లేవు. శుక్రవారం పొద్దుగూకి దీపం పెట్టేవేళకు జనం ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు.